నేల తాకని రాయి

మిట్టమధ్యాహ్నం రాయదుర్గం ఆఫీసు గేటు దగ్గర నూకరత్నం తన సంచిలోంచి నల్లరాయి తీసి ట్రేలో పెట్టింది.

సెక్యూరిటీ ఎల్లయ్య గబుక్కున దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఏంది బిడ్డా, కింద పెడ్తున్నవ్?"

రెండు నెలలుగా ఆమె సంచి స్కానింగ్ మిషన్లోకి వెళ్లిన ప్రతిసారీ ఆ రాయిని ఆయనే అరచేతిలో పట్టుకునేవాడు. దాని సంగతి రత్నం మొదట్లోనే చెప్పింది. వాళ్ల ఊళ్లో సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్లకొండ ఉంది. చేపల వేటకెళ్లినవాడు తిరిగిరాకపోతే, ఇంటివాళ్లు ఆ కొండ కొసకు వెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఒక రాయి తెచ్చుకుంటారు. దాన్ని కింద పెట్టకుండా మోసినంతకాలం ఆ మనిషిని గంగమ్మ తనలో కలుపుకోదట. మనిషి ఇల్లు చేరాకే రాయిని దించాలి.

"ఇంక పెట్టొచ్చు బాబాయ్. ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు దొరికాడు."

ఎల్లయ్య ముఖం వెలిగింది. "నేను చెప్పలేదా, గంగమ్మ ఇడిచిపెడ్తదని? ఇన్నొద్దులు ఏడున్నడంట?"

రత్నం ఖాళీ ట్రే అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ కొండ కిందే, రాళ్ల సందులో. ఇవాళ నీళ్లు బాగా వెనక్కిపోతే చొక్కా కనబడిందంట."

ఆమె ఆయన చేతిలోని రాయి వంక చూసింది.

"ఆ రోజు వాడి మీదే నిలబడి, సముద్రం వైపు తిరిగి పిలిచాను బాబాయ్."