ఖాళీగా వదిలిన గడి

మూడు వారాలుగా స్టోరులో ఓ కొత్త మనిషి తిష్ఠ వేశాడు.

నీళ్ల పంపులు చేసే ఫ్యాక్టరీ అది. ఒకే వాషరుకు నమూనాలు గీసే డ్రాయింగు విభాగంలో ఒక నంబరు, కొనుగోలు విభాగంలో ఇంకో నంబరు. ఫిట్టర్లకైతే అది చెవుల వాషరు.

ఆ మూడూ ఒకటేనని తెలిసింది స్టోరుకీపరు ఒక్కడికే. బడి మధ్యలో మానేసిన ఆ మనిషికి పన్నెండు వేల విడిభాగాలు నోటికి వచ్చు.

ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం తెలియదని భార్య ఎత్తిపొడిచేది.

ఆ పన్నెండు వేలనూ కంప్యూటరులోకి ఎక్కించడం కొత్త మనిషి పని. వస్తువుకు ఒకే పేరు, ఒకే నంబరు. ఏది దేనిలో అమరుతుంది, దేనికి బదులు ఏది పనికొస్తుంది, అన్నీ ఒకే పట్టికలో.

పట్టిక పూర్తయితే తనను ఇంటికి పంపేస్తారని స్టోరుకీపరుకు అర్థమైపోయింది. తన గొయ్యి తవ్వేవాడికి తానే పలుగు అందించాలి.

అందుకే ఆ కొత్తాయనకు కుర్చీ కూడా వేయలేదు. అడిగినదానికి ముక్తసరిగా ఓ జవాబు, వెనకే ఓ సూటిపోటి మాట. ఆయన చెక్కపెట్టె మీద కూర్చుని, నవ్వి, రాసుకునేవాడు.

ఒకనాడు ఆయన రెండు నల్లటి రబ్బరు రింగులు చూపించాడు.

"ఇవి రెండూ ఒకటేనా అన్నా?"

ఒకటి చన్నీళ్ల పంపుకు, రెండోది వేడినీళ్ల పంపుకు. చూపుకు కవలలే. మొదటిదాన్ని వేడినీళ్ల పంపులో వేస్తే నెల తిరక్కుండా పగులుతుంది. మరిగే నీళ్లు మనిషి మీద చిమ్ముతాయి.

"ఒకటే. రాసుకోండి."

కంప్యూటరు తప్పు చేస్తేనే కదా తన విలువ తెలిసేది.

ఆయన ఒక్క క్షణం అతన్ని చూసి, పుస్తకం మూసేశాడు.

ఇంటికెళ్లాక స్టోరుకీపరు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ పంపు పక్కన నిలబడే ఫిట్టరు ఎవరో తెలియదు గానీ, వాడికీ ఓ ముఖం ఉంటుంది.

పొద్దున్నే వచ్చి నిజం చెప్పేశాడు.

"నిన్నటిది రాయలేదు లెండి," అన్నాడాయన. "గడి ఖాళీగానే ఉంచాను."

అది నింపుకుని ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. స్టోరుకీపరు ఆయన పేరైనా అడగలేదు.

నెల తర్వాత మేనేజరు పిలిపించాడు. ఉద్యోగం ఊడిందనుకుంటూ వెళ్తే, చేతిలో ఓ కాగితం పెట్టాడు. పట్టికలో ఏది మార్చాలన్నా ఇకపై స్టోరుకీపరు సంతకం ఉండాలట.

"పైవాళ్లు నిన్ను తీసేద్దామనే అనుకున్నారయ్యా. పట్టిక రాసుకెళ్లినాయన ఒప్పుకోలేదు."

స్టోరుకీపరు గుండెల మీది బరువు దిగిపోయింది. కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఒక్కటే అంతుపట్టలేదు.

"అంత చదువుకున్నాయనకు నా పని సంగతి ఎలా తెలిసింది సార్?"

"ఏం చదువయ్యా," అన్నాడు మేనేజరు. "ఇన్ని ఫ్యాక్టరీల్లో నడుస్తున్న ఈ పట్టిక పద్ధతి ఆయన రాసిందే గానీ, మొదట ఆయనా స్టోరుకీపరే. కంప్యూటరు పెట్టడానికి వచ్చినవాళ్లకు కావాలనే ఓ తప్పు చెప్పి, మర్నాడు దిద్దుకునే ధైర్యం లేక, ఓ ఫిట్టరు చేయి కాలాక ఉద్యోగం వదిలేశాడట."