మచ్చ లేని ఫోటో

"ఈ ఫోటోలో ఉన్నది నేను కాదు," అంది సోజిన్.

స్టూడియో ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని కంప్యూటర్ తెర వైపు చూసింది. "నువ్వేనమ్మా. చక్కగా వచ్చావు."

"నా మెడ మీద మచ్చ ఏదీ?"

"తీసేశాను."

ఆ రేవు పట్నంలో ఏ స్టూడియోకి వెళ్ళినా అంతే. పుట్టుమచ్చలు, మొటిమలు, కళ్ళ కింద నలుపు అడక్కుండానే తుడిచేస్తారు. తుడవకపోతేనే మర్యాద తక్కువ. సోజిన్ చెవి కిందనుంచి భుజం దాకా ఉన్న కాలిన మచ్చని కూడా ఆవిడ అదే చేత్తో తుడిచేసింది.

"మళ్ళీ పెట్టండి పిన్నిగారూ. అదే నా అర్హత."

"మచ్చ అర్హతేమిటి?"

"స్కాలర్‌షిప్‌కి పెడుతున్నాను. ప్రమాదంలో గాయపడి బతికిన పిల్లలకే ఇస్తారు. మచ్చ కనపడేలా దిగమని మా టీచర్ మరీ మరీ చెప్పింది. ఐదింటికల్లా సిటీ హాల్లో ఇచ్చెయ్యాలి. ఇది రాకపోతే సియోల్ లేదు, చదువూ లేదు. అమ్మమ్మతో పాటు చేపలు ఎండబెట్టుకోవడమే."

గోడ గడియారంలో మూడున్నర.

రెండేళ్ళ కిందట ట్యూషన్ సెంటర్ తగలబడినప్పుడు సోజిన్ బతికింది. పక్కన కూర్చున్న స్నేహితురాలు బతకలేదు. అప్పటినుంచి ఊళ్ళోవాళ్ళు ముందు ఆమె మెడ చూసి, తరవాతే మొహం చూస్తారు. అది సోజిన్‌కి బొత్తిగా గిట్టదు.

ఆవిడ అసలు ఫోటో మళ్ళీ తెరిచి పని మొదటినుంచి మొదలుపెట్టింది. సోజిన్ ఒళ్ళో అప్లికేషన్ పెట్టుకుని కూర్చుంది. మూడో పేజీ ఖాళీగా ఉంది.

"అక్కడేం రాయాలి?" అని అడిగింది ఆవిడ.

"నాకు జరిగిన ప్రమాదం, నేను పడ్డ బాధ. పేజీకి తగ్గకుండా వివరంగా రాయాలట. ఆస్పత్రిలో చెప్పాను. పోలీసులకి రెండుసార్లు చెప్పాను. టీవీ వాళ్ళకి చెప్పాను. ఇప్పుడు వీళ్ళకి. రాస్తూంటే ముక్కుకి పొగ వాసన వస్తోంది పిన్నిగారూ. నాలుగు కాగితాలు చింపేశాను."

ఆవిడ చెయ్యి ఆగింది.

"అలా రాయమని అందులో ఉందా?"

"మీరే చదువుకోండి."

ఆవిడ ఆ పేజీని రెండుసార్లు చదివింది. చూపు ఆనడం లేదేమో అనుకుంది సోజిన్. గడియారం చూస్తే విసుగొచ్చింది.

"ఆ పేరు కూడా చూడండి. ఇసుల్ స్కాలర్‌షిప్. మంచు చుక్కట. ఎండెక్కితే ఆరిపోయేదాని పేరు చదువుకి పెడతారా ఎవరైనా? డబ్బున్న మహాతల్లి ఎవరో అయ్యుంటుంది. ఇంట్లో తోచక మా ఏడుపులు తెప్పించుకుని చదువుకుంటుంది కాబోలు."

"కాబోలు," అంది ఆవిడ మెల్లగా.

లేచి వెళ్ళి గ్లాసులో బార్లీ టీ తెచ్చి సోజిన్ ముందు పెట్టింది.

"సియోల్‌లో ఏం చదువుతావు?"

"భవనాలు కట్టే చదువు. ఆ రోజు మెట్ల దగ్గర తలుపుకి తాళం వేసి ఉంది. తాళం వెయ్యడానికి వీల్లేని తలుపులు పెట్టించాలని ఉంది, ప్రతి చోటా."

"అది రాయి."

"వాళ్ళు అడిగింది అది కాదు కదా."

"వాళ్ళకి అడగడం చేతకాలేదు. నువ్వు చెప్పదలుచుకున్నది నువ్వు చెప్పు."

"రాకపోతే మీరు చదివిస్తారా నన్ను?"

ఆవిడ పెన్ను తీసి ఇచ్చింది.

ఇంకో దారి లేక సోజిన్ రాసింది. తలుపుల గురించి, మెట్ల వెడల్పు గురించి, అరపేజీ. రాస్తున్నంతసేపూ పొగ వాసన రాలేదు.

ఫోటో వచ్చింది, మచ్చతో సహా. గుమ్మం దగ్గర ఆవిడ సోజిన్ కాలరు సర్దింది. "నీకు చెప్పాలనిపిస్తేనే చెప్పు తల్లీ, ఎవరడిగినా."

ఈవిడొకతి, తోచిన నీతల్లా చెబుతుంది అనుకుని, కనీసం థాంక్స్ అయినా అనకుండా సోజిన్ పరుగెత్తింది.

ఫిబ్రవరిలో స్కాలర్‌షిప్ జాబితాలో సోజిన్ పేరు వచ్చింది. సిటీ హాల్లో కాగితాల మీద సంతకం పెట్టించుకుంటూ గుమాస్తా గూ గారు అన్నాడు, "వచ్చే ఏడు ఫారంలో మూడో పేజీ ఉండదు. పక్క జిల్లా ఫారం చూసి మేమే నకలు కొట్టాం. నిధి పెట్టినావిడ అప్పటిదాకా దాన్ని చూడనేలేదు. గడువు రోజునే ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఎవరి బాధా కొలవొద్దు, ఏం చదువుతారో అది చూసి ఇవ్వండని చెప్పింది."

"ఆవిడకి థాంక్స్ చెప్పాలండీ."

"పోయిన నెలే ఊరు వదిలేసి వాళ్ళ చెల్లెలుండే దీవికి వెళ్ళిపోయింది. ఎక్కడికీ రాదు, ఎవరినీ రమ్మనదు. ఉత్తరం రాసివ్వు, పంపుతాను."

"పేరేమని రాయను?"

"ఇసుల్ వాళ్ళమ్మ అని రాయి, చాలు. అందరూ అలాగే పిలుస్తారు."

సోజిన్ తలెత్తింది. "ఇసుల్ మనిషి పేరా?"

"ఒక్కగానొక్క కూతురు. బస్సు లోయలో పడితే బతికొచ్చింది. ఎలా బతికావు, ఎలా బతికావు అని ఊరంతా అడుగుతుంటే చెప్పీ చెప్పీ గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఆ ఏడే పోయింది, పాపం."

సోజిన్‌కి తల కొట్టేసినట్టయింది. చచ్చిపోయిన పిల్ల పేరుని పట్టుకుని తను ఎంత మాటంది. ఆ మాట విన్నది ఒక్క స్టూడియో ఆవిడే, అంతవరకు నయం అనుకుని కళ్ళు తుడుచుకుంది.

గూ గారు ఆమె అప్లికేషన్ తిరగేసి, ఫోటో అడుగున ఉన్న స్టూడియో ముద్ర మీద వేలు పెట్టాడు. "నీకు తెలియకపోవడమేమిటమ్మాయ్, ఇది తీసింది ఆవిడే కదా."