అక్క విన్న గొంతు

ఆమె పగలంతా కట్టుడు పళ్లు తయారుచేసేది. రాత్రిళ్లు కంప్యూటరు ముందు కూర్చుని తన కూనిరాగాలనే సాగదీసి, పొరలు పేర్చి పాట కట్టేది. తానెవరో ఆ పాటలోనైనా తెలుస్తుందని ఆశ. ఏది చేసినా అరువు గొంతులాగే ఉండేది.

ఆ రాత్రీ అంతే. "ఛీ, ఇదీ నేను కాదు!" అని విసుక్కుంటూ నెలల తరబడి చేసిందంతా చెరిపేసింది. కసిగా మైకు తీగ పీకేసింది.

అయినా చెవులకున్న హెడ్‌ఫోన్లలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. తన ఊపిరేమోనని బిగబట్టి చూసింది. అది ఆగలేదు. కాసేపటికి సన్నగా రాగం అందుకుంది.

చటుక్కున హెడ్‌ఫోన్లు తీసి పారేసింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

పక్క గదిలో పడుకున్న అక్క మురిపెంగా కేకేసింది. "ఇన్నాళ్లకి నీ గొంతుతో నువ్వు పాడుతున్నావే! ఆపకు."

"నేను పాడట్లేదక్కా," అంది ఆమె.



"ఎవరండీ మధ్యలో?" అంది అక్క చిరాగ్గా. "మా చెల్లిని పాడనివ్వండి."