ప్రాసెసర్ డ్రైవర్ లోడ్ కాలేదు

ఇంట్లో ఒంటరిగా ఉన్న తను స్పృహ తప్పి పడిపోతే పాప ఏడుపు ఎవరికీ వినపడదన్నదే ఆమెకున్న పెద్ద భయం. చంటిదాన్ని చంకనేసుకుని కంప్యూటర్ మెకానిక్కి ఫోన్ చేసింది.

"అన్నా, ఆన్ చేయగానే 'ప్రాసెసర్ డ్రైవర్ లోడ్ కాలేదు' అని మళ్ళీ వచ్చింది."

"నా ప్రాణానికి దాపురించిందమ్మా నీ కంప్యూటర్! నిన్న చెప్పిన సెట్టింగు ఆన్ చేశావా?"

"చేశాను. బాగైంది."

"మరి ఇవాళ దానికేం రోగం?"

"పొద్దున ఆ సెట్టింగు నేనే ఆపేశాను. మా ఆయన ఓడ డ్యూటీ దిగి ఇంటికి రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. మాట్లాడే మనిషి లేడన్నా. నేను పడిపోయినా తెలిసేవాళ్ళు లేరు."

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"సెట్టింగు జోలికి పోకు తల్లీ. రోజూ పదింటికి నేనే ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తకపోతే మా ఆవిడ వచ్చి తలుపు తడుతుంది."

మీ పక్కింట్లోనూ పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి ఉంటే, ఒకసారి పలకరించి రండి.