ఇరవై మూడు బంతులు

"డెబ్బై అయిదు," అంది హ్యారియట్.

అంపైర్ చెయ్యెత్తి ఆట ఆపాడు. పన్నెండేళ్ళ ఓవెన్ బంతిని కోచ్ చేతిలో పెట్టి, తలొంచుకుని బయటికొచ్చాడు. బేస్‌బాల్‌లో ఆ వయసు పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఒక ఆటలో అంతకు మించి విసరకూడదని లీగ్ రూలు.

కంచె ఇవతల నిలబడ్డ తండ్రి వెండెల్‌కు ఒళ్ళు మండిపోయింది. తనూ లెక్కపెడుతూనే ఉన్నాడు మరి. అతని లెక్కకు అవి యాభై రెండే.

"ఏం లెక్కమ్మా అది? ఇరవై మూడు ఎక్కడ కలిశాయి? వేళ్ళు వణుకుతున్నాయా, కునుకుపాట్లు పడుతూ నొక్కేస్తున్నారా?"

చుట్టూ కూర్చున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

హ్యారియట్ డెబ్బై దాటిన మనిషి. ఆ జట్టులో ఆమెకు మనవడూ లేడు, మనవరాలూ లేదు. మే నెలలో తనంతట తనే వచ్చి, బంతుల లెక్క నేను చూస్తానంది. బంతి పడ్డప్పుడల్లా, నొక్కినకొద్దీ అంకె పెరిగే క్లిక్కర్ చేతిలో పట్టుకుని నొక్కుతూ ఎండలో కూర్చునే ఆ పని ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

"పిల్లాడి చెయ్యి అలిసిపోయింది బాబూ," అంది మెల్లగా.

"వాడి చెయ్యి సంగతి నేను చూసుకుంటా. మీరు నొక్కడం నేర్చుకోండి ముందు."

వెండెల్ ఊరికే ఊరుకునే రకం కాదు. ఏప్రిల్‌లో ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో పాత ఇల్లు కొన్న రోజే, వేసవి పనులన్నీ చీటీ రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. వరండా మెట్లు బాగుచేశాడు. వంటింటికి రంగు వేశాడు. సాయంత్రాలు కొడుక్కి కథల పుస్తకం రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తున్నాడు. వీటన్నిటికన్నా ముందు పెరట్లో బంతి విసరడానికి మట్టి దిబ్బ పోసి, ఎదురుగా చెక్కల గోడ నిలబెట్టాడు. ఓవెన్ పొద్దున్నే దానికేసి బంతులు విసిరాకే పాలూ ఫలహారమూ. ఆటరోజు కూడా మినహాయింపు లేదు. జులై ఆఖరుకు జిల్లా జట్టులో కొడుకు పేరుండాలి. ఆ వేసవంతా అతనికి అదొకటే ధ్యాస.

"రోజూ ఎందుకు వెండెల్?" అంది భార్య కార్లా. "నువ్వు చదువుతున్నంతసేపూ మోచెయ్యి రుద్దుకుంటూనే ఉంటాడు, చూశావా?"

"ఎదిగే పిల్లలకు నొప్పులుండవా? లేనిపోనివి వాడి బుర్రలోకి ఎక్కించకు."

తర్వాతి శనివారం అతను ఆటంతా ఫోన్లో తీసి, లీగ్ కమిటీ ముందు పెట్టాడు. అధ్యక్షుడు ఒక్కో బంతే లెక్కపెట్టాడు. యాభై నాలుగు. హ్యారియట్ చెప్పింది మళ్ళీ డెబ్బై అయిదే.

"తెలిసే ఎక్కువ చెప్పావా హ్యారియట్?"

"తెలిసే చెప్పాను."

"ఎందుకలా?"

ఆమె వెండెల్ వంక చూసింది. "ఆ పిల్లాడు రోజూ..."

"మా పిల్లాడి ఊసు మీకనవసరం," అని వెండెల్ అడ్డుపడ్డాడు. "మోసం చేశారు. ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి?"

అధ్యక్షుడికి భోజనం వేళ మించిపోతోంది. ఆమె క్లిక్కర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ మైదానంలో కనిపించలేదు. ఎందుకు రావడం లేదని అడిగినవాళ్ళూ లేరు.

ఇక లెక్క వెండెల్‌దే. అన్యాయం చేయలేదు పాపం, నిక్కచ్చిగానే లెక్కపెట్టాడు. జిల్లా జట్టు ఎంపికకు ముందు ఆఖరి ఆటలో, డెబ్బై నాలుగో బంతికి ఓవెన్ మోచేతిలో ఏదో పటుక్కుమంది. పిల్లాడు ఏడవలేదు. చెయ్యి పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఆటకు ఎన్ని విసిరేవాడు?" అనడిగాడు డాక్టర్.

"డెబ్బై అయిదు ఏనాడూ దాటలేదు డాక్టర్. నేనే లెక్కపెట్టాను."

"ఇంటి దగ్గర?"

ఇంటి దగ్గరవి వెండెల్ ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఎముక ఎదిగే చోటే విరిగింది. మరలు బిగించారు. ఇంక బంతి విసరడమన్న మాట మర్చిపొమ్మన్నారు.

ఆ వేసవికి మిగిలింది సాయంత్రం పుస్తకం చదవడమొక్కటే. తండ్రి చదువుతుంటే ఓవెన్ కట్టు వేసిన చెయ్యి పొట్టమీద పెట్టుకుని అటు తిరిగి పడుకునేవాడు.

"నిన్న ఎక్కడిదాకా చదివాంరా?"

"తెలీదు నాన్నా. నువ్వే చదువుకో."

చేసిన పాపం తనదేనని వెండెల్‌కు తెలుసు.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున అతను పెరట్లో చెక్కల గోడ ఊడబీకుతున్నాడు. వెనక కంచె అవతలి నుంచి ఎవరో ఆడమనిషి పలకరించింది. ఆ ఇంటి గుమ్మం వేరే వీధిలో ఉంటుంది. అందులో ఎవరుంటారో అతనికి ఇన్నాళ్ళూ తెలీదు.

"ఏమండీ, ఇక్కడ బంతులు విసిరే బాబు మీ అబ్బాయేనా? చెయ్యి ఎలా ఉంది?"

"మీకెలా తెలుసు?"

"మా అత్త వాడి గురించే బెంగపెట్టుకునేది. పోయిన వారం నిద్రలోనే పోయిందండీ. ఇల్లు సర్దడానికొచ్చాను."

"మీ అత్తా?"

"హ్యారియట్. మీ లీగులో లెక్క చూసేది, తెలిసే ఉంటుంది."

వెండెల్ పనిముట్టు కింద పెట్టేశాడు.

"ఆవిడ ఉండేది ఇక్కడా?" అన్నాడు.

"నలభై ఏళ్ళుగా ఇక్కడే. పొద్దున్నే ఆ కిటికీ దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చుని, మీ చెక్కలకు బంతి తగిలినప్పుడల్లా క్లిక్కర్ నొక్కుకుని, ఆ అంకె చెరపకుండానే ఆటకు వచ్చేదండీ."