బకెట్ పట్టుకున్న చెయ్యి

“ఏమే వెర్నా, ఈ చెయ్యి నీదే కదూ?” అంది వంటామె డాట్, గోడమీది ఫొటోకు గరిటె ఆనించి.

వెర్నా గిల్‌పాట్రిక్ కళ్లజోడు సవరించుకుని చూసింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు సముద్రపు ఒడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయపు సముద్ర పరిశోధనశాలకు ఆ రోజుతో యాభై ఏళ్లు నిండాయి. గోడ నిండా చరిత్ర పరిచారు. నడిమధ్యన డైరెక్టర్ ఆస్టిన్ ప్రెబుల్ గాజుజాడీ ఎత్తిపట్టుకుని ఇకిలిస్తున్నాడు. కింద ‘ఎర్రమచ్చల సముద్రపు నత్తను కనుగొన్న ప్రెబుల్’ అని రాసి ఉంది. మోకాలి లోతు చన్నీళ్లలో వంగి ఆ నత్తను పట్టింది వెర్నా. ఫొటోలో ఆయన పక్కనే నిలబడింది కూడా. ఎవరో ఆమెను నిలువునా కత్తిరించేశారు. బకెట్ పట్టుకున్న చెయ్యి ఒక్కటే మిగిలింది, పీత కరిస్తే కట్టిన గుడ్డపీలికతో సహా.

వెర్నాకు ఒళ్లు మండిపోయింది.

“నాదే. ముప్పయ్యేళ్లు చాకిరీ చేస్తే చరిత్రలో నాకు దక్కింది మణికట్టు దాకా,” అంది.

“వెళ్లి నాలుగు దులిపెయ్. రేపట్నుంచి ఆయన రిటైరే కదా, నీకేం భయం?”

“దులిపితే దుమ్ము పోతుంది, ఫొటో కింద ఆయన పేరు పోతుందా? అంతకన్నా మంచి పని చేశాన్లే.” వెర్నా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మొన్న వసంతంలో ఒక సముద్ర దోసకాయను కోశాను, అదే, సముద్రం అడుగున దోసకాయలా పడుండే ఆ జంతువును. లోపల పురుగు. ఇంతవరకూ ప్రపంచంలో ఎవరూ చూడని రకం. తెల్లగా, జిగటగా, కళ్లూ లేవు, సిగ్గూ లేదు. ఎక్కడ కాపురమో తెలుసా? ఆ దోసకాయ ముడ్డిలో. ఒకరు కష్టపడి తింటే తను మింగి బతుకుతుంది.”

“ఛీ! వంటింటి ముందు ఏం మాటలే అవి?”

“దానికి ప్రెబుల్ పేరు పెట్టాను.”

డాట్ ఏప్రాన్‌లో మొహం దాచుకుని భుజాలు అదిరేలా నవ్వింది. “అలా పెట్టనిస్తారా?”

“ఎవరు ముందు అచ్చేస్తే వాళ్లు పెట్టిన పేరే ఖాయం. మా లోకంలో అదే శాసనం. తర్వాత దేవుడు దిగొచ్చినా మార్చలేడు. పెద్ద పత్రికవాళ్లు వచ్చే నెల వేస్తామన్నారు. ఇవాళ విందులో అందరి ముందూ చెప్పేస్తాను. సముద్ర దోసకాయకు ముడ్డి ఉన్నన్నాళ్లూ ఆయన పేరుంటుంది!”

“మరి ఆయనకు తెలిసిపోలేదా?”

“పురుగు తెలుసు, పేరు తెలీదు. కొత్త ప్రాణి ఏది దొరికినా ముందు జాడీలో వేసి డైరెక్టర్ బల్లమీద పెట్టాలి కదా, ఈ కట్టడం లేచినప్పట్నుంచీ అదే ఆచారం. బుద్ధిగా పెట్టొచ్చాను. మహానుభావుడు దాని పక్కనే కూర్చుని రోజూ కాఫీ తాగుతున్నాడు!”

మధ్యాహ్నం విందులో ఎర్రగా ఉడికిన లాబ్‌స్టర్లు బల్లల నిండా గుట్టలు పోశారు. వెర్నాకు సంతోషంతో ముద్ద దిగలేదు. పెద్దలందరూ ఆయన్ని పొగిడేదాకా ఓపిక పట్టి, గ్లాసు పట్టుకుని లేచింది.

“నాదొక్క మాట.”

“కూర్చో వెర్నా, ముందు నన్ను మాట్లాడనీ,” అని ప్రెబుల్ లేచాడు. ముసలాయన కళ్లలో నీళ్లు. సరే, వడ్డించిన విస్తరి ఎక్కడికి పోతుందిలే అనుకుని ఆమె కూర్చుంది.

“ఆ గోడమీది ఫొటోను కత్తిరించింది నేనే,” అన్నాడాయన. “పేరు పిచ్చి. ఇక్కణ్ణుంచి వెళ్లిపోయేలోగా ఆ పాపం కడుక్కోకపోతే నాకు నిద్ర పట్టదు.”

వెర్నా గుండె ఒక్క క్షణం కరిగింది. అయ్యో, పోనీ ఇవాళ్టికి వదిలేద్దామా ముసలాణ్ణి, అనుకుంది కూడా.

“వెర్నా, నువ్వు నా బల్లమీద పెట్టిన జాడీ ఉందే, దాంట్లో పురుగును చూస్తూ ఆలోచించాను. కూర్చుని బొమ్మలు గీశాను, వర్ణన రాశాను. మన పరిశోధనశాల సొంత పత్రిక, సంపాదకుణ్ణి నేనే, ఆలస్యం ఎందుకని వేసేశాను. ఇదిగో, ఈ ఉదయమే వచ్చింది.”

ఆయన పత్రిక తెరిచి అందరికీ ఎత్తి చూపించాడు. ‘కనుగొన్నది: ఆస్టిన్ ప్రెబుల్’ అని పెద్ద అక్షరాలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు! వెర్నా పళ్లు పటపట కొరికింది.

ప్రెబుల్ వచ్చి, ఒకప్పుడు బకెట్ పట్టుకున్న ఆ చేతిని రెండు చేతుల్తో ఆప్యాయంగా పట్టుకున్నాడు.

“ఇక నిన్నెవరూ కత్తిరించలేరు వెర్నా, ఆ పురుగుకు నీ పేరు పెట్టాను!”