ప్లేటు కింద

మెషిన్ మీద ముక్కలు బిగించే ఇద్దరు సెట్టర్లలో ఒకరే మిగులుతారని సోమవారం పొద్దున్నే చెప్పేశారు. ఆ ఇద్దరికీ పెళ్లయి నలభై రోజులే అయింది. ఒకరితో ఒకరికి.

జహీరాబాద్ శివారులోని ఆ మెషిన్ షాపులో ఇన్నాళ్లూ ఇద్దరికీ చేతినిండా పని ఉండేది. మిల్లింగ్ మెషిన్ మీద, ముక్కను రెండు దవడల మధ్య పట్టుకునే వైస్ బిగించాలి. రబ్బరు సుత్తితో తట్టి తట్టి, కొలత చూపే డయల్ ముల్లు కదలకుండా నిలిచేదాకా దాన్ని సరిచేయాలి. ఒక్కోసారి ముప్పావుగంట పట్టేది.

ఇప్పుడు జీరో పాయింట్ క్లాంపులు వచ్చాయి. మెషిన్ బల్ల మీద నాలుగు గుండ్రటి సీట్లు. ముక్కను ముందే బిగించి పెట్టుకున్న ప్లేటును తెచ్చి వాటి మీద దించితే చాలు, టక్కున పట్టేసుకుంటాయి. రెండు నిమిషాల పని. ఒకటే జాగ్రత్త. ప్లేటుకూ సీటుకూ మధ్య ఈగ కాలంత ఇనుప తునక ఇరుక్కున్నా కొలత చెడిపోతుంది.

శనివారం పరీక్ష. చెరో ప్లేటు, చెరో ముక్క. ఎవరి కొలత పక్కాగా వస్తే ఉద్యోగం వాళ్లది.

నవతే గెలుస్తుందని షాపంతా తీర్మానించేసింది. ఐదేళ్లలో ఆమె బిగించిన వైస్‌కు వంక పెట్టినవాళ్లు లేరు. ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఇది పోతే, ఆడమనిషిని సెట్టరుగా పెట్టుకునే షాపు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ షెడ్డు వెనక మెట్ల మీద కూర్చుని ఒకే డబ్బాలో తిన్నారు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. సృజన్ రొట్టె తుంచి ఆమె నోట్లో పెట్టాడు. ఎవరైనా చూశారేమోనని ఆమె సిగ్గుపడింది. ఎవరూ చూడలేదని తెలిశాక కొంచెం చిన్నబోయింది కూడా.

"నువ్వే గెలుస్తవ్. నాకెరుకే," అన్నాడు సృజన్.

"మరి నువ్వు?"

"పుణెకు పోత. మా బావ పనిచేసే షాపుల జాగ ఖాళీ ఉన్నదట. నెలకోపారి వస్త తియ్."

"నెలకోపారా?"

"ఏం, సరిపోదా?"

నవత అతని భుజం మీద ఒక్కటిచ్చింది. తొక్కు కారానికి కళ్లు మండాయని చెప్పి కొంగుతో తుడుచుకుంది.

శనివారం వచ్చింది. మెషిన్ దగ్గర గాజులు వేసుకోకూడదు. రోజూలాగే ఆమె చేతులు చాచింది. రోజూలాగే సృజన్ ఒక్కో గాజూ తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. అతను నడుస్తుంటే జేబు గలగలమంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకు మళ్లీ పెళ్లయినట్టుంటుంది.

"వైస్ దవడల్లెక్క గట్ల అతుక్కుంటరేంది? జర పని కానియ్యున్రి," అన్నాడు సూపర్‌వైజర్ చంద్రప్ప. అందరూ గొల్లున నవ్వారు.

ముందు సృజన్ వంతు. తేడా పది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరోవంతు, దాటకూడదు; ఎవరిది తక్కువైతే వాళ్లు నెగ్గినట్టు. అతనికి ఎనిమిది వచ్చింది.

"నవతమ్మా, ఎనిమిదిని కొట్టుడు నీకో లెక్కనా?" అన్నాడు చంద్రప్ప.

"చూద్దాం సార్."

ఆమె మూలనున్న బల్ల దగ్గరికి వెళ్లి ప్లేటు సిద్ధం చేసుకుంది. ముక్క బిగించింది. ప్లేటును పక్కకు ఒరిగించి అడుగుభాగం కూడా శ్రద్ధగా చూసుకుంది. సృజన్ చేయందించబోయాడు.

"ఇటియ్యి, నేన్ మోస్త."

"వద్దు. నా ప్లేట్ ఎవ్వరు ముట్టొద్దు."

"అబ్బో! సరే, సీట్లన్న తుడుస్త. గాలి కొడితే ఇనుము నీ కండ్లల్ల పడ్తది."

గాలి పైపు అతనే అందుకున్నాడు. నాలుగు సీట్ల మీదా గాలి కొట్టి, ఒంగి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడిచాడు. పెళ్లాం కళ్ల గురించి ఇంత ఆలోచించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు? నవత మనసు నిండిపోయింది. ప్లేటు తెచ్చి దించింది. టక్.

మెషిన్ ఆగాక చంద్రప్ప ముక్కను కొలిచాడు. నమ్మలేక మళ్లీ కొలిచాడు.

"అరవై ఐదు."

నలుగురైదుగురు మెషిన్ చుట్టూ మూగారు.

"గిట్లెట్లయితది?" అంటూ చంద్రప్ప ప్లేటు పైకి లేపించాడు. కిందికి ఒంగి, అక్కడా ఇక్కడా వేలితో గీరి, దొరికింది అరచేతిలో వేసుకున్నాడు. "సీట్లు ఎవరు తుడిచిన్రు?"

నవత నోరు తెరిచేలోపే సృజన్ ముందుకొచ్చాడు.

"నేనే సార్. అద్దం లెక్క తుడిచిన. ప్లేటే ఆమెది. నన్ను ముట్టనియ్యలే. కావాల్నంటే అడుగున్రి."

"ఏమ్మా, నిజమేనా?"

"నిజమే సార్. తప్పు నాదే," అంది నవత.

"ఐదేండ్ల చెయ్యి గదమ్మా! నిన్నమొన్న వచ్చినోళ్ల లెక్క జేస్తివి." చంద్రప్ప తలకొట్టుకున్నాడు. "సోమారం సంది నువ్వు రాకు. నా చేతుల ఏం లేదు."

"ఇగ నిమ్మళంగ రొట్టెలు జేస్కోవచ్చు," అన్నాడు లేత్ మెషిన్ దగ్గర నిలబడ్డ గురులింగప్ప. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. వాళ్లలో సృజన్ కూడా ఉన్నాడు.

నవత కూడా నవ్వింది. సృజన్ జహీరాబాద్‌లోనే ఉంటాడు. రోజూ సాయంత్రం ఇంటికొస్తాడు.

"ఇగో, గీ ముచ్చట యాదుంచుకో," అంటూ చంద్రప్ప ఆమె ముఖం ముందు అరచెయ్యి తెరిచాడు. నూనె మరకల మధ్య మెరుస్తూ రెండు ఇనుప తునకలున్నాయి.

మొగుడు పుణెకు పోకూడదని నవత తన ప్లేటు అడుగున అంటించుకున్నది ఒక్కటే.